తోడు గిన్నె

మొన్న ఆదివారం మా ఇంట్లో పెరుగు తోడుకి కూడా మిగల్లేదు. రాత్రి గిన్నె అడుగు గీకి మరీ తిన్నది నేనే. అందుకని చిన్న స్టీలు గిన్నె నా చేతిలో పెట్టి "పైనింటి పిన్నిగారిని అడిగి పట్రండి" అంది మా ఆవిడ. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు, పిన్నిగారిది నాలుగు. గిన్నె పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు వెస్ట్‌వ్లెటెరెన్ గుర్తొచ్చింది.

అది బెల్జియంలో ఒక పల్లెటూరు. అక్కడ సెయింట్ సిక్స్‌టస్ అనే మఠం ఉంది. లోపల సన్యాసులుంటారు, వాళ్ళు బీరు కాస్తారు. ఆ బీరుకి కావలసిన తోడు, అదే ఈస్టు, వాళ్ళ దగ్గర ఉండదు. వెస్ట్‌మాల్ అనే ఇంకో మఠం నుంచి తెచ్చుకుంటారు. మధ్య దూరం 150 కిలోమీటర్ల పైమాటే. అంటే మనం గిన్నె పట్టుకుని తోడు కోసం కాకినాడ దాకా వెళ్ళడం.

నేను ఇరవై ఏళ్ళ పైగా ఓడల్లో ఇంజనీరుగా చేశాను. బీరు గురించి నాకు తెలిసిందంతా రేవుల పక్కన తెలిసిందే. 2014 నవంబరులో మా ఓడ ఇనుప ఖనిజం దింపడానికి బెల్జియంలోని ఘెంట్ రేవుకి వెళ్ళింది. టెర్నూజెన్ లాకు దాటి, కాలువలో చివరిదాకా పోవాలి. దిగుమతికి నాలుగు రోజులు పడుతుందన్నారు. చీఫ్ ఇంజనీరు దయ తలచి ఒక పగలంతా సెలవిచ్చాడు. ఏజెంటు వ్యాను నడిపే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అరవై దాటి ఉంటాయి. ఆయనకి ఆ రోజు డ్యూటీ లేదు, తన సొంత కారులో తీసుకెళ్తానన్నాడు. ఎక్కడికి అంటే, "ప్రపంచంలో మంచి బీరు అమ్మడానికి ఇష్టపడని చోటికి" అన్నాడు.

దారిలో సంగతంతా చెప్పాడు. 2005లో ఇంటర్నెట్లో రేటింగులు ఇచ్చే ఒక సైటు ఈ మఠం వాళ్ళ వెస్ట్‌వ్లెటెరెన్ 12ని ప్రపంచంలోకెల్లా మొదటి బీరుగా పెట్టింది. ఇంకేముంది, ఆ పల్లెటూరి రోడ్డు మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. మన దగ్గరైతే ఏం చేస్తారు? పక్కన పది ఎకరాలు కొని ఇంకో ఫ్యాక్టరీ పెడతారు. వీళ్ళు మాత్రం, మేం కాచేది ఇంతే, మా మఠం గడవడానికి ఇది చాలు అన్నారు. అంతే కాదు, కావలసినవాళ్ళు ముందు ఫోన్ చెయ్యాలి, కారు నంబరు చెప్పాలి, ఇచ్చిన టైముకి రావాలి అని రూలు పెట్టారు. అదే కారు నంబరుతో, అదే ఫోనుతో మళ్ళీ రెండు నెలల దాకా కుదరదు. తిరిగి అమ్ముకోకూడదని రసీదు మీదే అచ్చు వేస్తారు. ఆ ఫోను కలవడం మన తత్కాల్ టికెట్ కన్నా కష్టమని ఆయన బాధ. (2019లో ఫోను తీసేసి ఆన్‌లైన్ పెట్టారు. అంతకు ముందు ఏడాది హాలండ్‌లో ఒక సూపర్‌మార్కెట్ ఎలాగో ఆ సీసాలు సంపాదించి ఎక్కువ రేటుకి అమ్మేసిందట, దాంతో వాళ్ళకి ఒళ్ళు మండింది.)

సరే, చేరాం. చుట్టూ హాప్స్ తోటలు, బీరుకి చేదునిచ్చే పువ్వుల తీగలవి, అప్పటికి పంట కోసేశారు. ఎత్తైన స్తంభాలూ తీగలూ మాత్రం మిగిలి ఉన్నాయి, మన దొండ పందిళ్ళని నాలుగింతలు ఎత్తు చేసినట్టు. మఠం గోడ లోపలికి మనల్ని రానివ్వరు. ఎదురుగా 'ఇన్ డె వ్రెడె' అని వాళ్ళ కేఫ్ ఉంది, అంతే. గిన్నె ఆకారంలో కాడ ఉన్న గ్లాసులో తెచ్చి పెట్టారు. ముదురు గోధుమరంగు, పైన చిక్కటి నురగ. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఇంకాస్త చల్లటిది లేదా అని అడగడం. మనకి తెలిసిన బీరంటే అదే కదా, సీసా మీద చెమట పట్టాలి, లేబులు మీద స్ట్రాంగ్ అని ఉండాలి, మొదటి గుక్కకి నాలుక మొద్దుబారాలి. వడ్డించే ఆవిడ నవ్వి, తొందర పడకు, ఇంకో పది నిమిషాలు ఉంచి తాగు అంది. ఉంచాను. అప్పుడు వచ్చింది వాసన. అనకాపల్లి వైపు బెల్లం వండే రోజుల్లో రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి కొట్టే వాసన, అందులో ఎండు ఖర్జూరం, కాస్త మాడిన పాకం. ఊరికే అనలేదు, బెల్జియం వాళ్ళు ఇలాంటి ముదురు బీర్లలో పాకం పట్టిన చక్కెర నిజంగానే వేస్తారు. 10.2 శాతం ఆల్కహాలు. సగం గ్లాసుకే నేను మా పెద్దాయనకి మా ఊరు, మా తాతల సంగతులు మొదలుపెట్టేశాను.

అక్కడే చెప్పాడాయన తోడు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మఠం వాళ్ళు, ఈ వ్యాపారం మరీ ఎక్కువవుతోంది, మనం ప్రార్థన చేసుకోవడానికి కదా వచ్చింది అనుకుని తగ్గించేశారు. పక్క ఊరు వాటౌలో జున్ను ఫ్యాక్టరీ నడిపే ఒకాయనకి 1946లో తయారీ హక్కు ఇచ్చారు. అలా పుట్టిందే సెయింట్ బెర్నార్డస్ బ్రూవరీ. 1992లో ఆ ఒప్పందం ముగిసింది. అప్పటినుంచి మఠం వాళ్ళు వెస్ట్‌మాల్ ఈస్టు వాడుతున్నారు. "నన్నడిగితే వాటౌలో దొరికేది కూడా ఇంచుమించు ఇదే, దానికి కారు నంబరు అక్కర్లేదు" అన్నాడు. అన్నాడే గానీ, ఆయన గ్లాసు నా కన్నా ముందే ఖాళీ అయింది.

ఆ రోజు కేఫ్ పక్కన చిన్న దుకాణంలో ఆరు సీసాల అట్టపెట్టె దొరికింది. ఒక్కో సీసా 330 మిల్లీలీటర్లు. ఆరు కలిపితే 1.98 లీటర్లు. మన కస్టమ్స్ వాళ్ళు వదిలేది 2 లీటర్లు. ఆ సన్యాసులు మన కస్టమ్స్ రూలు చూసే కొలిచారేమో అనిపించింది. అప్పట్లో ఆ సీసాలకి లేబుళ్ళుండేవి కావు. మూత రంగు చూసి తెలుసుకోవాల్సి వచ్చేది, పసుపైతే 12, నీలమైతే 8, ఆకుపచ్చయితే తేలికది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "సన్యాసులేటి, బీరు కాయడమేటి?" అని. అమ్మది పద్మనాభం వైపు పల్లె. అడిగిన తీరు చూస్తే, ఆ సన్యాసుల్ని ఎవరో చెడగొట్టారన్నట్టుంది. నాకు చెప్పడం రాలేదు అప్పుడు. తర్వాత చదువుకున్నాను.

ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే ఆయన మఠాలకి నియమావళి రాశాడు. అందులో రెండు ముక్కలు. ఒకటి, సోమరితనం ఆత్మకి శత్రువు, తన చేతుల కష్టం మీద బతికినప్పుడే సన్యాసి. అంటే భిక్ష కాదు, పని. రెండోది నాకు భలే నచ్చింది. సన్యాసులకి ద్రాక్షసారా తగదని చదువుతుంటాం గానీ, ఈ రోజుల్లో సన్యాసులు ఆ మాట వినరు కాబట్టి, కనీసం మితంగా తాగుదామని ఒప్పుకుందాం, అని రాస్తాడు. ఆ తర్వాత మనిషికి రోజుకి ఇంత అని కొలత కూడా చెబుతాడు. మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. కొలత లేకుండా ఏ పనీ ఒప్పుకునేవాడు కాదు. బెనెడిక్ట్ ఆయనకి నచ్చి ఉండేవాడు.

ద్రాక్ష పండని ఉత్తరాదిలో ఆ కొలత బీరుకి మారింది. స్విట్జర్లాండులో సెయింట్ గాల్ అనే మఠంలో సుమారు 820 నాటి ఒక ప్లాను భద్రంగా ఉంది, ఆదర్శ మఠం ఎలా కట్టాలో గీసింది. అందులో బీరు కాసే చోట్లు మూడున్నాయి, వచ్చే అతిథుల్లో గొప్పవాళ్ళకి ఒకటి, యాత్రికులకీ పేదలకీ ఒకటి, మఠంలో వాళ్ళకి ఒకటి.

అమ్మకి ఇవన్నీ చెప్పలేదు. మాల్ట్ అంటే ఏంటో చెప్పాను, దాంతో ఆవిడకి అర్థమైపోయింది. మాకు చిన్నప్పుడు, తర్వాత మా పిల్లలకి, చోడిపిండి, అదే రాగిపిండి, ఆవిడే చేసేది. చోడ్లు ఒక రాత్రి నానబెట్టి, నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూట కట్టి, ఆ మూటని ఇత్తడి గిన్నెలో పెట్టి మూత వేసేది. రెండోనాడు విప్పితే తెల్లగా దారం ముక్కల్లా మొలకలు. మరీ పొడుగు కానివ్వకూడదు, "గింజ బలం మొలక తినేస్తది" అనేది. నీడన ఆరబెట్టి, మూకుడులో దోరగా వేపి, మరకి పంపేది. బార్లీతో మాల్ట్ చేసేవాళ్ళు చేసేది కూడా అచ్చంగా అదే, మాట పొల్లుపోకుండా. నానబెట్టడం, మొలకెత్తించడం, మొలక గింజ బలం తినేసేలోగా వేడిగాలి పెట్టి ఆపడం, వేపడం. మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిని చక్కెరగా మార్చుకునే ఎంజైములు తయారు చేసుకుంటుంది. ఆ గింజని దంచి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్ళలో గంటసేపు నానబెడితే ఎంజైములు ఆ పని పూర్తి చేస్తాయి. ఆ తియ్యటి నీళ్ళు వడగట్టి, చేదు కోసం, నిలవ కోసం హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, తోడు వెయ్యాలి. అంతా విని అమ్మ "అంబలే కదేట్రా, పులిసిపోయిన అంబలి" అంది.

మ్యూనిక్‌లో పౌలానర్ అనే పేరున్న సన్యాసులు, పదిహేడో శతాబ్దం నుంచీ బీరు కాసినవాళ్ళు, సరిగ్గా ఈ మాటే అన్నారు. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసంలో గట్టి ఆహారం మీద ఆంక్షలుంటాయి, ద్రవం మీద కాదు. కాబట్టి గింజ ఎక్కువ వేసి చిక్కటి బీరు కాసి, దాన్ని తాగే రొట్టె అన్నారు. మన ఏకాదశి ఉపవాసంలో రవ్వ ఉప్మా లాంటి సర్దుబాటు. ఆ బీరు పేరు సాల్వటార్ అయింది, అందుకే ఈ రోజుకీ ఆ రకం బీర్లకి జర్మనీలో చివర 'అటార్' అని పేర్లు పెడతారు.

ఆ వైపు నేను వెళ్ళింది బీరు కోసం కాదు, ఇంజన్ ట్రైనింగ్‌కి. ఆగ్స్‌బర్గ్. డీజిల్ ఇంజనీరుకి ఆ ఊరు కాశీ లాంటిది. రుడాల్ఫ్ డీజిల్ తన మొదటి ఇంజను 1890లలో అక్కడి కర్మాగారంలోనే తిప్పాడు. డీజిల్‌కి చదువు చెప్పిన గురువు, తర్వాత ఉద్యోగం ఇచ్చిన యజమాని, కార్ల్ ఫోన్ లిండే. 1870లలో లిండే తన ఐస్ మెషీనుకి రూపం ఇచ్చింది బీరు కంపెనీల అండతో, వాళ్ళ అవసరానికే. ఆయన మెషీన్లు తయారైందీ ఆగ్స్‌బర్గ్‌లోనే. కారణం ఏంటంటే, మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతం వాళ్ళు కాసే లాగర్ అనే రకం బీరు ఈస్టుకి చలి కావాలి. వేసవిలో కాస్తే పాడవుతోందని 1553లో అక్కడి డ్యూక్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడమే నిషేధించాడు. చలికాలం కాసింది నేలమాళిగల్లో, చెరువుల నుంచి కోసుకొచ్చిన మంచు గడ్డల మధ్య దాచేవాళ్ళు. లిండే మెషీను వచ్చాక ఆ బెంగ తీరింది. ఇరవై ఏళ్ళు ఓడలో చేపలు, కూరగాయలు పాడవకుండా ఫ్రిజ్ ప్లాంటుకి గ్యాస్ నింపుతూ తిట్టుకున్నవాణ్ణి, దాని పుట్టుక బీరు కోసమని తెలిసి ఆ రోజు నుంచి కాస్త మర్యాద ఇవ్వడం మొదలుపెట్టాను.

ట్రైనింగ్ మధ్య ఆదివారం ఆండెక్స్ వెళ్ళాను. రైలు హెర్షింగ్‌లో దిగి, అడవిలోంచి కొండెక్కాలి. ఊరంతా ఆ కొండని పవిత్ర కొండ అంటారు, వందల ఏళ్ళుగా మొక్కుకుని నడిచి ఎక్కే యాత్రికులున్నారు. పైన 1455 నుంచి బెనెడిక్టిన్ మఠం. మెట్లు ఎక్కుతుంటే సింహాచలం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది. అయితే పైకెళ్ళాక చర్చి పక్కనే పెద్ద హాలు, బల్లలు, లీటరు మగ్గులు. చంటిపిల్లలతో వచ్చిన కుటుంబాలు, అమ్మమ్మలు, కర్ర పట్టుకున్న తాతలు. ఎవరూ తూలడం లేదు, ఎవరూ చాటుగా తాగడం లేదు. మనకి బీరు అంటే నల్ల కవరు, వైన్‌షాపు గ్రిల్లు, ఆ గ్రిల్లులోంచి చెయ్యి. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మా వీధిలో సగం మందికి ఉన్నట్టుండి యానాంలో చుట్టాలు పుట్టుకొచ్చారు. సారా వల్ల కాపురాలు కూలిన ఆడవాళ్ళ కడుపుమంటే ఆ నిషేధాన్ని తెచ్చింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆండెక్స్ కొండ మీద కూర్చుని నేను అనుకున్నది మాత్రం, ఈ తాత మనవరాలి ముందు తాగుతున్నాడు కాబట్టి ఒక్క మగ్గుతో లేచిపోతాడు, అని. లేచిపోయాడు కూడా.

కొలోన్‌లో ఇంకో పద్ధతి. బుల్లి గ్లాసులు, 200 మిల్లీలీటర్లు. ఖాళీ అయితే చాలు, నీలం ఏప్రనులో ఉన్న వడ్డించేవాడు అడక్కుండానే ఇంకోటి పెట్టేసి అట్టబిళ్ళ మీద ఒక గీత గీస్తాడు. ఆపాలంటే ఆ బిళ్ళని గ్లాసు మీద మూతలా పెట్టాలి. నాకు తెలీక ఆరో గ్లాసుకి విస్తరి మీద అడ్డం పెట్టినట్టు అరచెయ్యి పెట్టాను. పక్క బల్లవాళ్ళు పకపకా నవ్వారు గానీ, వాడికి అర్థమైంది.

ఇన్ని చూశాక కూడా నేను కాసేపు నోరెళ్ళబెట్టి నిలబడ్డది బ్రస్సెల్స్‌లో, కాంటియోన్ అనే చోట. మఠం కాదు, 1900లో మొదలైన కుటుంబ బ్రూవరీ. లాంబిక్ అనే బీరు చేస్తారు. అన్నిచోట్లా మరిగిన రసాన్ని ప్లేట్ కూలర్లో చల్లారుస్తారు, మా ఇంజన్ రూములో లూబ్ ఆయిల్ కూలర్ లాంటిదే. వీళ్ళు పైకప్పు కింద, రాగితో చేసిన వెడల్పాటి లోతులేని తొట్టిలో పోసి, రాత్రంతా గాలికి వదిలేస్తారు. తోడు వెయ్యరు. ఆ ఊరి గాలిలో ఉన్న ఈస్టే దానంతటది వచ్చి పడుతుంది. చలి రాత్రులు కావాలి కాబట్టి అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదలు దాకానే ఈ పని. తర్వాత చెక్క పీపాల్లో ఒకటి, రెండు, మూడేళ్ళు. కొత్తదీ పాతదీ కలిపి సీసాల్లో పోస్తే గ్యూజ్. పీపాల మధ్య సాలెగూళ్ళు వేలాడుతుంటాయి, దులపరు. పురుగుల్ని సాలీళ్ళే చూసుకుంటాయట.

ఒక గుక్క తాగాను. నిమ్మకాయలా పులుపు, వెనక ఎక్కడో తడి గోనెసంచి వాసన. పక్కన ఒక అమెరికన్ మొహం చిట్లించాడు. నాకు మాత్రం అమ్మమ్మగారి ఊళ్ళో మధ్యాహ్నం కల్లు. తాడిచెట్టు గెల గీసి కుండ కడతారు, కుండలో సున్నం పూస్తే పులవదు, అది నీరా. పూయకపోతే చెట్టు మీదే మొదలైపోతుంది. పొద్దున దింపినప్పుడు తీపి, ఎండెక్కేసరికి పులుపు, సాయంత్రానికి మనిషిని పడేస్తుంది. అక్కడా ఎవరూ తోడు వెయ్యరు, గాలీ, కుండ అడుగునున్న పాత తడీ చూసుకుంటాయి. బ్రస్సెల్స్‌లో మూడేళ్ళు పట్టేది మా ఊళ్ళో ఒక్క పూటలో అయిపోతుంది. బెల్జియం బీరు సంస్కృతికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మా ఊరి కల్లు తాతకి మోకు కొనుక్కోవడానికి కూడా డబ్బులుండేవి కావు.

బ్రస్సెల్స్ వెళ్ళినప్పుడే ఓర్వల్ అనే బెల్జియం మఠం వాళ్ళ బీరు సీసా ఒకటి కొన్నాను. ఆ మఠానిది వేరే కథ. ఫ్రెంచి విప్లవ సైన్యం 1793లో తగలబెట్టేసింది, నూట ముప్ఫై ఏళ్ళకి పైగా శిథిలాల్లో ఉంది. తిరిగి కట్టే ఖర్చు కోసం 1931లో బ్రూవరీ పెట్టారు. ఆ సీసాలో బ్రెటానోమైసెస్ అనే మొండి ఈస్టు బతికే ఉంటుంది, మూత బిగించాక కూడా మిగిలిన చక్కెర తింటూనే ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆ సీసాని అటక మీద పెట్టి ఓడెక్కేశాను. మధ్యలో విశాఖ మే నెల వచ్చింది, పోయింది. ఆగస్టులో సెలవుకి వచ్చి ఠీవిగా మూత తీశాను. సగం సీసా సీలింగ్ ఫ్యానుకి, మిగతా సగం మా మామగారి కొత్త చొక్కాకి. "దయ్యం పట్టిందేట్రా సీసాకి" అని అమ్మ లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. అడుగున రెండు చెంచాలు మిగిలితే నాకు.

ఇవన్నీ తల్చుకుంటూ నాలుగో అంతస్తు చేరేసరికి ఆయాసం. పిన్నిగారు రెండు చెంచాల పెరుగు వేసి, "మాది కాస్త పులుపెక్కువమ్మా, పాలు మరీ వేడిగా ఉండగా వెయ్యొద్దని చెప్పు" అంది. ఏ బ్రూవరీలోనైనా చెప్పే మాటే. రసం చల్లారకుండా ఈస్టు వేస్తే చచ్చిపోతుంది.

పొద్దున్నకి పెరుగు గడ్డగా తోడుకుంది. నిజంగానే కాస్త పుల్లగా, మా ఇంటి పెరుగులా కాకుండా పిన్నిగారింటి పెరుగులా ఉంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, భీమిలి రోడ్డులో తెచ్చిన తాటిముంజలు నాలుగు అందులో పెట్టి మళ్ళీ నన్నే మెట్లెక్కించింది మా ఆవిడ. వెస్ట్‌మాల్ వాళ్ళకి ఈస్టు డబ్బా తిరిగిచ్చేటప్పుడు ఈ సన్యాసులు అందులో ఏం పెట్టి ఇస్తారో, ఆ రోజు డ్రైవరు పెద్దాయన్ని అడగాల్సింది.